బల్లకే సీట్లు బిగించిన ఆఫీసు సెట్టు: అమలాపురంలో కొన్ని నెలలు వాడాక

అమలాపురంలో నాది జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పనులు చూసే చిన్న ఆఫీసు. గడియార స్తంభం సెంటర్‌కి దగ్గర్లో, మేడ మీద ఒక పొడవాటి గది. ఆరుగురు పని చేస్తారు, అందులో ఐదుగురు అమ్మాయిలే. ఈ మధ్య ఆ గదిలోని పాత టేబుళ్ళూ రివాల్వింగ్ కుర్చీలూ తీసేసి, రావులపాలెం వైపు హైవే పక్కనున్న ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్‌లో ఆరుగురికీ కలిపి ఒకటే బల్ల చేయించాను. విడిగా కుర్చీలు లేవు. సీట్లు బల్ల కింది ఫ్రేముకే బిగించి ఉంటాయి. ఆఫీసుకి వచ్చిన క్లయింట్లలో సగం మంది ఎక్కడ చేయించారు, ఎంతయింది, సుఖంగా ఉందా అని అడుగుతున్నారు. కొంతమంది తమ కొట్లకీ కావాలంటున్నారు. అందుకే బాగున్నదీ బాగాలేనిదీ కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు మా పని ఎలాంటిదో చెప్పాలి. నెలలో 11వ తేదీ జీఎస్‌టీఆర్-1కి, అంటే అమ్మకాల వివరాలిచ్చే రిటర్నుకి, 20వ తేదీ 3బికి, అంటే పన్ను కట్టే రిటర్నుకి ఆఖరు. ఆ రెండు తేదీల ముందు మా ఆఫీసులో కాగితం ఒక్క చోట నిలవదు. అంబాజీపేట నుంచి కొబ్బరి వ్యాపారి బిల్లులన్నీ ఒక కవర్లో కుక్కి తెస్తారు. పీచు మిల్లు వాళ్ళు వే బిల్లులు ఫోన్లో చూపిస్తారు. రొయ్యల మేత డీలరు ఒకాయన తన పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నదే లెక్క అంటారు. ఒక అమ్మాయి బిల్లులు విడదీస్తుంది, ఇంకొకరు ఎంట్రీ వేస్తారు, మూడో మనిషి పోర్టల్‌లో సరిచూస్తారు. మధ్యలో క్లయింటు పక్కన కూర్చుని "ఇది మనది కాదండీ, మా తమ్ముడి కొట్టుది" అని ఏరుతుంటారు. అంటే మనుషులు ఉన్న చోటే ఉంటారు, కాగితమే తిరుగుతుంది. పాత ఏర్పాటులో ఆరు టేబుళ్ళూ గోడల వెంట ఉండేవి. అందరూ గోడకి ముఖం పెట్టి కూర్చునేవాళ్ళు. ఒక బిల్లు అవతలివాళ్ళకి ఇవ్వాలంటే కుర్చీ వెనక్కి తోయాలి, అది వెనకాల వాళ్ళ కుర్చీకి తగులుతుంది, ఇద్దరూ లేవాలి. కుర్చీలకి అయిదేసి కాళ్ళు, వాటి చక్రాల్లో దారప్పోగులు, జుట్టు. రోజూ తుడిచే ఆవిడ ఆ కుర్చీలన్నీ వరండాలోకి లాగి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టేది. నడుం నొప్పితో ఆవిడ మానేస్తానంటే నేను దీని గురించి గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టాను.

బల్లకి సీటు కలపడం కొత్త సంగతేమీ కాదు. మన సర్కారు బళ్ళలో డ్యూయల్ డెస్కులన్నీ అదే పద్ధతి. ఆఫీసుల్లో అయితే అమెరికాలోని బఫెలో ఊళ్ళో లార్కిన్ సబ్బుల కంపెనీ భవనానికి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ 1906 నాటికే చేసి చూపించాడు. అది పోస్టులో ఆర్డర్లు తీసుకునే కంపెనీ, వేల ఉత్తరాలు చూసే గుమాస్తాల ఆఫీసు. అక్కడి ఇనుప డెస్కుల్లో కొన్నిటికి సీటు డెస్కు కాలికే ఒక చెయ్యిలా బిగించి ఉండేది. పక్కకి తిరిగేది. పని అయ్యాక లోపలికి నెట్టేస్తే నేలంతా ఖాళీ, తుడవడం తేలిక. ఆ భవనాన్ని 1950లో పడగొట్టేశారు గానీ ఫొటోలు దొరుకుతాయి. అవి చూసినప్పుడు మా తుడిచే ఆవిడే గుర్తొచ్చింది. ఆ ఫొటోనే ఫోన్లో పెట్టుకుని వర్క్‌షాప్‌కి వెళ్ళాను.

ఆ వర్క్‌షాప్ వాళ్ళు మామూలుగా గేట్లు, గ్రిల్సు, కల్యాణ మండపాలకి డైనింగ్ టేబుళ్ళు చేస్తారు. ఓనరు గారు కుర్రాడే, డిప్లొమా చదివాడు. పెద్ద మేస్త్రి గారు మాత్రం లేత్ పని నుంచి వచ్చినవాడు. ఫొటో చూసి ఆయన అన్న మొదటి మాట: "ఆయ్, చెయ్యొచ్చండి. కానీ కూర్చునేవాళ్ళని చూడందే కొలత చెప్పలేనండి." ఈ మాట మీదే నేను ఆర్డరు ఇచ్చాను. విడి కుర్చీ అయితే ఎవరి దూరం వాళ్ళు సర్దుకుంటారు. సీటు బల్లకి బిగిస్తే ఆ దూరం చేసినవాడే నిర్ణయించేస్తాడు, ఇక మన చేతిలో ఏమీ ఉండదు. కొలత తప్పితే కూర్చున్న ప్రతి గంటా తప్పే. ఆయన ఒక ఆదివారం వచ్చి మా అమ్మాయిలందరి కొలతలూ టేపుతో తీసుకున్నారు: కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి మడత వరకు, సీటు నుంచి మోచేయి వరకు.

బజార్లో దొరికే ఆఫీసు టేబుళ్ళు 29, 30 అంగుళాల ఎత్తుంటాయి. కుర్చీ 17, 18 అంగుళాలు. మా వాళ్ళు ఎక్కువ మంది ఐదడుగులకి అటూ ఇటూ. వాళ్ళ మోకాలి మడత నేల నుంచి 15, 16 అంగుళాల్లోనే ఉంది. అంటే ఇన్నేళ్ళూ వాళ్ళ కాళ్ళు నేలకి సరిగ్గా ఆనక, తొడల కింద కుర్చీ అంచు నొక్కుకుంటూ, భుజాలు పైకెత్తి టైపు చేశారన్నమాట. సాయంత్రానికి మెడ పట్టేసిందని అంటే పని ఒత్తిడి అనుకునేవాళ్ళం. మేస్త్రి గారు సీటు 16 అంగుళాలకి, బల్ల 27 అంగుళాలకి దించారు. రెంటికీ తేడా 11. నేల నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో బల్ల పొడవునా కాళ్ళు పెట్టుకోడానికి ఒక గొట్టం వేశారు. చూడ్డానికి బల్ల కురచగా ఉంటుంది, వచ్చినవాళ్ళు మొదట పిల్లల బల్లేమో అనుకుంటారు. మెడ నొప్పి మాట మాత్రం ఇప్పుడు బాగా తగ్గింది.

బల్ల కింద సొరుగులు కావాలని మా సీనియర్ అకౌంటెంట్ గారు పట్టుబట్టారు. ఆయన ఒక్కరే మగమనిషి, పొడగరి. పెట్టకపోవడమే మంచిదని మేస్త్రి గారు లెక్క చెప్పారు. 27 అంగుళాల్లో ప్లై మందం, దాని కింద పైపు పోతే మిగిలేది సుమారు 24 ముప్పావు. సీటు 16 తీసేస్తే తొడలకి ఎనిమిది అంగుళాల పైన ఖాళీ. అందులో నాలుగు అంగుళాల సొరుగు పెడితే ఆ పొడగరి మనిషే ముందు ఇరుక్కుపోతారు. సొరుగులన్నీ బల్ల చివర ఒక అలమరలోకి మార్చారు. వానాకాలం చెక్క ఉబ్బి సొరుగులు బిగుసుకుపోయే ఊళ్ళు మనవి, ఆ బాధ కూడా పోయింది.

ఇక అసలు సంగతి, సీటు తిరగడం. బల్లకి బిగించిన బెంచీల్లో ఎక్కడైనా వచ్చే చిక్కు ఒక్కటే. రాసేటప్పుడు సీటు ముందంచు బల్ల అంచు కిందకి కొంచెం వెళ్ళి ఉండాలి, లేకపోతే మనిషి ముందుకి వంగిపోతాడు. లేచి నిలబడాలంటే అదే సీటు వెనక్కి రావాలి, లేకపోతే మోకాళ్ళు బల్లకి కొట్టుకుంటాయి. 19వ శతాబ్దంలో యూరప్‌లో డాక్టర్లు బడిపిల్లల గూని, కళ్ళ జబ్బుల గురించి రాస్తూ ఈ దూరం మీదే పెద్ద వాదన నడిపారు. సీటు మడిచేవి, జరిపేవి, తలుపులా తెరిచేవి ఎన్నో రకాల బడి బల్లలు అప్పుడు వచ్చాయి. కదలని బెంచీ ఆ రెండు పనులూ చేయలేదు. పైగా చీర కట్టుకున్నవాళ్ళు కదలని బెంచీ దాటి లోపలికి కాలు వెయ్యడం ఎంత ఇబ్బందో కల్యాణ మండపాల్లో తెలుస్తుంది. నేనూ చీరే కడతాను, అందుకే ఈ విషయంలో రాజీ పడనని మొదటే చెప్పాను.

మా సెట్టులో ప్రతి సీటుకీ ఒక నిలువు గొట్టం, దాని మీద 14 అంగుళాల చెయ్యి, చెయ్యి చివర సీటు. కూర్చోడానికి వచ్చినప్పుడు సీటుని తుంటితో పక్కకి నెడితే అర్ధచంద్రంలా తిరిగి బయటికొస్తుంది. కూర్చుని కాలితో నేలని తోస్తే లోపలికి వెళ్ళి స్టాపర్‌కి ఆగుతుంది. ఆ స్టాపర్‌కి మూడు చిల్లులున్నాయి. ఏ చిల్లులో పిన్ను పెడితే అక్కడ ఆగుతుంది, ఒక్కో చిల్లుకీ అంగుళంన్నర తేడా. లావుపాటివాళ్ళకీ సన్నటివాళ్ళకీ దూరం మారాలి కదా. మా దగ్గర ఒక అమ్మాయి అప్పుడు కడుపుతో ఉంది. ఏడో నెల వరకు వచ్చింది. పిన్ను ఒక్కో చిల్లూ వెనక్కి మార్చుకుంటూ హాయిగా కూర్చుంది. ఈ మూడు చిల్లులు నేను అడిగినవి కావు, మేస్త్రి గారే పెట్టారు. మనిషి ఒకేలా ఉండదని ఆలోచించి చేసిన పనికి నేను ఎంత డబ్బయినా ఇస్తాను.

ఇంకొక పనితనం చెప్పి తీరాలి. సీటు తిరిగే పిన్నుని సరిగ్గా నిలువుగా కాకుండా లోపలికి రవ్వంత వాల్చి బిగించారు. మనిషి లేవగానే ఖాళీ సీటు తన బరువుకి తానే మెల్లగా తిరిగి బల్ల కిందకి వెళ్ళిపోతుంది. స్ప్రింగు లేదు, మోటారు లేదు, పాడయ్యేదేమీ లేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆరు సీట్లూ వాటి చోటే ఉంటాయి, గది మధ్య నుంచి నడిచే దారి చక్కగా తెరుచుకుంటుంది. తుడిచే ఆవిడ ఇప్పుడు ఒక్క కుర్చీ కూడా మొయ్యదు.

అయితే ఇది మొదటిసారే ఇలా రాలేదు. మొదట తెచ్చి బిగించిన ఫ్రేములో సీట్ల గొట్టాలు బల్ల కాళ్ళకే వెల్డింగ్ చేసి ఉన్నాయి. ఒక మనిషి కూర్చుంటే బల్లంతా ఊగేది. అవతలివైపు ల్యాప్‌టాప్ తెరలు వణికేవి. మా సీనియర్ గారికి కాలు ఊపే అలవాటు, ఆ ఊపు అందరి పెన్నుల్లోకీ వచ్చేది. స్టాంపు వేస్తే రెండు ముద్రలు పడేవి. అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. ఒక వైపు ముగ్గురు కూర్చుని అవతలివైపు ఖాళీగా ఉన్నప్పుడు, ఖాళీ వైపు కాళ్ళు నేల మీద నుంచి రవ్వంత లేచాయి. సీట్లు బల్ల కాళ్ళకి బయట వేలాడుతుంటే ఆ బరువంతా బల్లని తన వైపుకి లాగుతుంది. పార్కుల్లో ఉండే బెంచీ బల్లలు తిరగబడేది ఇలాగే. నేలకి బోల్టులు కొట్టి బిగిస్తే తీరిపోయేదే. మాది అద్దె గది, ఇంటాయన టైల్స్‌కి చిల్లు పెట్టనివ్వరు.

నేను ఫోన్ చేస్తే ఓనరు గారు "కొన్నాళ్ళు వాడితే కుదురుకుంటుంది మేడమ్" అన్నారు. ఇనుము కుదురుకోవడమేమిటని నాకు కోపం వచ్చింది. ఆ మాట మీద కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నాం. తర్వాత మేస్త్రి గారు స్వయంగా వచ్చి, ఒక వైపు ముగ్గురిని కూర్చోబెట్టి, నేల మీద పడుకుని కాళ్ళ కిందకి కాగితం దూర్చి చూశారు. కాగితం దూరింది. మారు మాట్లాడకుండా మొత్తం ఫ్రేము వెనక్కి తీసుకెళ్ళారు. అది కూడా ఎప్పుడనుకున్నారు, 20వ తేదీ నెత్తి మీద ఉండగా. ఆ వారం మేం చాప పరుచుకుని నేల మీద కూర్చుని రిటర్నులు వేశాం. ఆ టెన్షన్‌కి వర్క్‌షాప్ వాళ్ళదే బాధ్యత. మనుషుల్ని కూర్చోబెట్టి చూశాకే డెలివరీ ఇవ్వాల్సింది.

రెండోసారి వచ్చిన ఫ్రేము వేరు. ఇప్పుడు అవి రెండు విడి వస్తువులు. కింద మధ్యలో పొడవునా మూడంగుళాల చదరపు పైపు, దానికి అడ్డంగా మూడు పాదాలు, ఒక్కోటి ఆరడుగుల పొడవు. ఆ పాదాల చివర్ల దగ్గరే సీట్ల గొట్టాలు. అంటే కూర్చున్న మనిషి బరువు కింద పాదం ఉంటుంది, ఇక తిరగబడేది లేదు. బల్ల కాళ్ళు మధ్య పైపు మీద నిలబడతాయి, కానీ వాటికీ పైపుకీ మధ్య మందపాటి రబ్బరు ముక్కలు పెట్టి బోల్టు బిగించారు. సీటు ఊపు బల్లలోకి చాలా వరకు రాదు. పూర్తిగా పోయిందని చెప్పను. ఎవరైనా దబ్బున కూర్చుంటే టీ గ్లాసులో అల కనపడుతుంది. స్టాంపు మాత్రం ఒకటే పడుతోంది. ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే సీట్లు ఒక ఫ్రేము మీద, బల్ల వేరే కాళ్ళ మీద ఉన్నాయా అని ముందు అడగండి. ఒకే కాళ్ళ మీద రెండూ నిలబెట్టేవాళ్ళ దగ్గర చేయించొద్దు.

ఇప్పుడు బల్ల పైభాగం. 8 అడుగులు బై 4 అడుగులు, అంటే ఒక ఫుల్ ప్లై షీటు. ముక్కలు పారేసేది లేదు. ఒక్కో వైపు ముగ్గురు, మనిషికి 32 అంగుళాల వెడల్పు. ల్యాప్‌టాప్, దాని పక్కన తెరిచిన ఫైలు, ఇంకా మోచేతికి చోటు. మధ్యలో పొడవునా ఎనిమిది అంగుళాల కాలువ, అందులోనే వైర్లు, ప్లగ్గులు. దాని మీద మూత బల్లతో సమానంగా వస్తుంది కాబట్టి అవతలి అమ్మాయికి బిల్లు ఇవ్వాలంటే కాగితాన్ని జారిస్తే చాలు. కాగితం మూత అంచుకి తట్టుకోదు. ఆ ఒక్క పని కోసం కార్పెంటరు మూతని ఎన్నిసార్లు చిత్రిక పట్టాడో. మానిటర్లు పెట్టుకునే ఆఫీసయితే ఈ లాభం పోతుంది, తెరలే గోడలవుతాయి.

అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ 1968లో రాబర్ట్ ప్రాప్స్ట్ ఆలోచనతో తెచ్చిన యాక్షన్ ఆఫీసు అడ్డ పలకల నుంచే తర్వాతి కాలపు క్యూబికల్స్, అంటే ఒక్కో మనిషికీ చుట్టూ అడ్డు కట్టిన గళ్ళు, పుట్టాయి. హైదరాబాద్‌లో మా మేనకోడలు అలాంటి గడిలోనే పని చేస్తుంది. తనకి అది మంచిదే, ఏకాంతం కావాలి. మాకు కావాల్సింది దానికి ఎదురు. అంబాజీపేటలో మా తాతయ్య కొబ్బరి కొట్టులో గుమాస్తాగా ఉండేవారు. పరుపు మీద తెల్ల దుప్పటి, ముందు ఏటవాలు డెస్కు, పక్కన గల్లాపెట్టె. రైతు వచ్చి అదే పరుపు అంచున కూర్చునేవాడు. తాతయ్య చిట్టా అతని వైపు తిప్పి అంకె మీద వేలు పెట్టి చూపించేవారు. కూర్చునే చోటూ రాసే చోటూ ఇద్దరివీ ఒకటే. లెక్క ఇద్దరికీ కనపడేది. ఇప్పుడు మా బల్ల దగ్గర ఒక సీటు ఎప్పుడూ క్లయింటు కోసం ఖాళీగా ఉంచుతున్నాను, మా ఆరో మనిషి ఎక్కువగా బయట తిరిగే పని చూస్తారు కాబట్టి కుదిరింది. కౌంటరు అవతల నిలబెట్టి మాట్లాడినప్పటికన్నా ఇప్పుడు క్లయింట్లు ఎక్కువ నిజాలు చెబుతున్నారు. దాచిన బిల్లు సంచిలోంచి తీస్తున్నారు.

సరుకు విషయానికొస్తే, మనది ఉప్పుగాలి, వానాకాలం గోడలు కూడా చెమరుస్తాయి. ప్లై ఐఎస్ 303 అనే భారత ప్రమాణంలో బీడబ్ల్యూఆర్ గ్రేడు, అంటే మరిగే నీటిని తట్టుకునే రకం తీసుకున్నాను, 19 మిల్లీమీటర్లు. అదే ఐఎస్ 303లో ఎంఆర్ అని తేమని మాత్రమే తట్టుకునే చవక రకం ఉంటుంది, అది మన ఊళ్ళకి వద్దు. ఐఎస్ 710 మెరైన్ ప్లై వంటింటి సింకు కిందకి బాగుంటుంది, ఆఫీసు బల్లకి ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. షీటు మీద ముద్ర స్వయంగా చూసుకోండి, మైకా అతికించేశాక ఏం చూసినా కనపడదు. మైకా మెరిసేది కాకుండా మ్యాటులో లేత బూడిద రంగు తీసుకున్నాం. ట్యూబ్‌లైటు ప్రతిబింబం కళ్ళలో పడదు, థర్మల్ బిల్లుల మీది పాలిపోయిన అంకెలు చదవడం తేలికైంది. పైపులకి గాల్వనైజ్డ్, అంటే జింకు పూత ఉన్నవి అడిగాను, ఆ పైన పౌడర్ కోటింగ్. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ ప్రైమర్ సరిగ్గా వెయ్యలేదు. సీట్ల కింద రెండు చోట్ల అప్పుడే ఎర్రటి తుప్పు కనపడుతోంది. పైపు చివర్లకి ప్లాస్టిక్ బిరడాలు కూడా రెండు ఊడాయి. ఇవి చిన్నవే గానీ కోనసీమలో చిన్న తుప్పు చిన్నగా ఉండదు. బల్ల ఒక మూల ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచుకి అతికించే పట్టీ కూడా లేచింది, వచ్చి అతికించి వెళ్ళారు.

సీటు దిండు కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పట్టించి చేసే షీటు, రెండంగుళాలు. మన జిల్లాలోనే దొరికే సరుకు. ఫోమ్ అయితే మధ్యాహ్నానికి కిందంతా చెమట. పీచులోంచి గాలి ఆడుతుంది, రోజంతా కూర్చున్నా గుంట పడదు. పైన రెక్సిన్ వద్దని ముతక నూలు గుడ్డ వేయించాను, జిప్పు తీసి ఉతుక్కోవచ్చు. వీపుకి మాత్రం నాకు పూర్తి తృప్తి లేదు. నడుం దగ్గర ఆనుకునే చిన్న పలక ఒక్కటే ఉంది. ఇంకా ఎత్తు పెడితే సీటు తిరిగేటప్పుడు పక్కవాళ్ళ చేతికి తగులుతుందన్నారు, అది నిజమే. గంట గంటకీ లేచి తిరిగే మా పనికి ఇది చాలు. కాల్ సెంటర్‌లా కదలకుండా కూర్చుని పొద్దంతా టైపు చేసేవాళ్ళకి ఈ సెట్టు నేను చెప్పను. వాళ్ళకి వెనక్కి వాలే మంచి కుర్చీ ఉండాలి.

సీటు తిరిగే చోట గన్‌మెటల్ బుష్, అంటే పిన్ను చుట్టూ ఉండే లోహపు రింగు వేశారు. నెలకోసారి గ్రీజు పెట్టమన్నారు. ఆ గ్రీజు ఒక అమ్మాయి చీర కుచ్చిళ్ళకి అంటింది. చున్నీ కొస ఒకసారి గొట్టానికీ సీటు మోసే ఇనుప చేతికీ మధ్య నలిగింది. వెంటనే ఫోన్ చేశాను. ఇది ప్రమాదం, వాయిదా వెయ్యొద్దన్నాను. రబ్బరు తొడుగులు తెచ్చి ఆరింటికీ వేశారు, డబ్బు తీసుకోలేదు. ఆడవాళ్ళు పని చేసే చోట ఈ తొడుగు మొదటి రోజు నుంచే ఉండాలి. మీరు ఆర్డరిస్తే కాగితం మీద రాయించండి.

ఎదురెదురుగా కూర్చోవడంతో మాటలు పెరిగాయి. ఫోన్ వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడాలని పెట్టుకున్నాం, అంతే.

ధర: మొత్తం సెట్టు 74,000, దాని మీద జీఎస్టీ 18 శాతం 13,320, వెరసి 87,320 రూపాయలు. రవాణా, బిగింపు అందులోనే. మామూలు టేబుళ్ళు ఆరు, కాస్త మంచి రివాల్వింగ్ కుర్చీలు ఆరు కొన్నా నాకు దరిదాపు అంతే అయ్యేది. నా వృత్తి కాబట్టి ఒక మాట: రెగ్యులర్ స్కీములో ఉన్నవాళ్ళు ఆఫీసు కోసం కొన్న ఫర్నిచర్ మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేలా తీసుకోవచ్చు. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి. క్రెడిట్ తీసుకున్నాక ఆ పన్ను మొత్తాన్ని కూడా ఆస్తి విలువలో కలిపి తరుగుదల వెయ్యకూడదు. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో ఫర్నిచర్‌కి 10 శాతం తరుగుదల 74,000 మీదే. కాంపోజిషన్‌లో, అంటే టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే స్కీములో ఉన్నవాళ్ళకి ఈ క్రెడిట్ రాదు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రేపు తుప్పు పట్టినా తిరగబడినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

గొడవ పడ్డా, ఆలస్యమైనా, ఆ మేస్త్రి గారి చేతి పని మీద నాకు గౌరవం పెరిగింది. రెండో సెట్టుకి అడ్వాన్సు ఇచ్చాను, పక్క గది కూడా తీసుకున్నాం కాబట్టి. ఈసారి వెల్డింగ్ అతుకులన్నిటికీ జింకు ప్రైమరు, రబ్బరు తొడుగులు, వర్క్‌షాప్‌లోనే మనుషుల్ని కూర్చోబెట్టి చూడటం, మూడూ ఆర్డరు కాగితం మీద రాయించాను.

ఇంకొక మార్పు మీద నేనూ మేస్త్రి గారూ ఇంకా కుస్తీ పడుతున్నాం. రిటైరైన మాస్టారు ఒకాయన మా క్లయింటు, వీల్‌చైర్‌లో వస్తారు. లిఫ్టు ఉంది కాబట్టి పైదాకా రాగలరు, కానీ మా బల్ల దగ్గరకి రాలేకపోతున్నారు. సీటు పక్కకి తిప్పినా కింద దాని గొట్టం, పాదం అడ్డం. అది తీసేసినా 24 ముప్పావు అంగుళాల ఖాళీలోకి వీల్‌చైర్‌లో ఉన్న మనిషి మోకాళ్ళు దూరవు, 27 అయినా కావాలి. ప్రస్తుతం ఆయన కాగితాలు నేను ఒళ్ళో పెట్టుకుని చూపిస్తున్నాను, అది నాకు నచ్చడం లేదు. కొత్త సెట్టులో ఒక చివర పాదాన్ని మూడడుగులు లోపలికి జరిపి, ఆ చివర బల్లకి 30 అంగుళాల ఎత్తులో ఒక మడత పలక బిగించాలని మేస్త్రి గారి ఆలోచన. అలా చేస్తే ఆ వైపు సీట్ల బరువుకి బల్ల మళ్ళీ లేస్తుందేమోనని నా అనుమానం. వచ్చే వారం వర్క్‌షాప్‌లో ఉత్త ఫ్రేము నిలబెట్టి, ఒక వైపు ముగ్గురిని కూర్చోబెట్టి, కాళ్ళ కింద కాగితం దూర్చి చూస్తామన్నారు. మాస్టారిని కూడా తీసుకురమ్మన్నారు, కొలత ఆయన్ని చూసే తీసుకుంటారట.